ఎవరూ చలువ పెట్టని పాప

మాఘం, మంగళవారం

ఇవి కమిటీ కోసం రాస్తున్నవి కావు. కమిటీకి పంపే కాగితాల్లో అంకెలు తప్ప ఇంకేమీ ఉండకూడదని కమిటీ పెద్ద లింగమూర్తి ఉత్తర్వు. ఆయనకు అనుమానాలంటే గిట్టవు. నాకేమో అవి తప్ప వేరే ఆస్తి లేదు. "నీకు దేవుడు ప్రత్యక్షమైనా గుర్తింపు కార్డు అడుగుతవే స్వరూపా" అనేవాడు మా ఆయన బతికున్న రోజుల్లో. అడుగుతాను. అడిగితే తప్పేముంది? ఈ గనిలో రక్తం పరీక్షించే పని నాకిచ్చింది అందుకే.

ఈ రోజు ఆరుగురు పసివాళ్ల రక్తం చూశాను. అందరికీ హెపటైటిస్ బి టీకా మూడు సూదులూ పడి నెల దాటింది. నలుగురికి పట్టలేదు.

నూటికి నలుగురైదుగురికి పట్టకపోవడం మామూలే. అలాంటి వాళ్లకు మళ్లీ వేస్తే చాలామందికి పడుతుంది. కానీ ఆరుగురిలో నలుగురంటే ఎక్కడో ఏదో జరుగుతోంది. టీకా పట్టిందా లేదా అన్నది రక్తంలోని ఒక అంకె చెబుతుంది. అది పది దాటాలి. పై ఎండలకు తాళలేక మా తాతలు ఈ పాత బొగ్గుగనిలోకి దిగిన కొత్తలో, ఒకరి బ్లేడు ఒకరు వాడుకుంటూ, ఒకరి గాయం ఒకరు తుడుస్తూ బతికారు. కాలేయం చెడి పోయినవాళ్లు ఇంటికొకరు. అందుకే అప్పటి నుంచీ ఒక కట్టుబాటు. పది దాటిన బిడ్డకే పేరు పెడతారు, పది దాటిన బిడ్డనే కింది అంతస్తులోని పిల్లల గదికి దించుతారు. దాటనివాళ్లు తల్లితో పాటు పై అంతస్తులోనే ఉండాలి. వైశాఖం వచ్చేసరికి ఆ అంతస్తు పెనంలా కాలుతుంది. కిందటేడు అక్కడ ఒక పసివాడు దక్కలేదు.

పట్టని నలుగురిలో ఒకడు నా చెల్లెలు రజిత కొడుకు. పేరు లేదు కాబట్టి చిన్నోడు అంటాం. రజిత రక్తంలో ఆ వైరస్ ఉంది. పుట్టిన రోజు పడిన సూదే చిన్నోణ్ణి ఇంతవరకూ కాచింది. వాడి రక్తంలో వైరస్ లేదు, రెండుసార్లు వెతికాను. కానీ ఆ కాపుదల ఎన్నాళ్లు నిలుస్తుందో నాకు తెలియదు.

రజిత గది గడప మీదే కూర్చుని ఉంది.

"ఎంతొచ్చిందక్కా?"

"మూడు."

"పది గావాలె గదా."

"పది గావాలె."

ఒళ్లో ఉన్న చిన్నోడి కాళ్లు చీర కొంగుతో కప్పింది. ఇంత ఉక్కలో కప్పడం దేనికో.

మాఘం, గురువారం

పట్టిన ఇద్దరిలో ఒకరిది పదిని అంచున దాటింది, ఇంకొకరి అంకె నాలుగు వందల పైన. ఈ రెండో బిడ్డ యాకూబ్ కూతురు షమీనా.

యాకూబ్ పైబండి నడుపుతాడు. ఎండ తక్కువున్న నెలల్లో బయటి డిపోకి వెళ్లి టీకాలూ మందులూ తెచ్చేది అతనే. సముద్రం మింగేసిన ఊరేదో వాళ్లది. భార్యతో ఇక్కడికి వచ్చి రెండేళ్లయింది. నా అన్న మనిషి ఒక్కరూ లేరు ఈ గనిలో. ప్రతి మాటకీ 'అండీ' తగిలిస్తాడు. అంత మర్యాద ఎందుకో నాకు మొదటి నుంచీ అర్థం కాలేదు.

ఇంకో సంగతి. ఆ పాపకు పుట్టగానే పేరు పెట్టేశారు. మా పిల్లలు తొమ్మిది నెలలు 'చిన్నోడు', 'చిట్టి' అనిపించుకుంటూ అంకె కోసం ఎదురుచూస్తుంటే, వీళ్లకు మొదటి రోజు నుంచే ఆ ధైర్యం ఎక్కడిది? టీకా పడుతుందని ముందే తెలిసినట్టు?

ఐసు లైన్లో నిలబడి దీని గురించే ఆలోచించాను. నిరుడు కొత్త మిషన్ వచ్చినప్పటి నుంచి ఐసు తీరే మారింది. పాతది చెమటలు కారే ఐసు ఇచ్చేది, ఇంటికి చేరేలోగా సగం నీళ్లు. ఇప్పటిది తెల్లగా, పొడిగా ఉంటుంది. పట్టుకుంటే వేళ్లకు అంటుకుపోతుంది. లైన్లో ఎవరిని చూసినా మొహం వెలిగిపోతోంది. నా వాటా సంచిలో వేసుకుంటూ కూడా నేను యాకూబ్ లెక్కే తేల్చుకుంటున్నాను. తెచ్చిన టీకాలో మంచివి కూతురికి దాచాడు. మిగతావి దారిలో ఎవరికో అమ్మి, సీసాల్లో నీళ్లు నింపాడు. ఇంతకంటే తిన్నగా కుదిరే లెక్క నాకు కనబడలేదు.

మాఘం, శనివారం

షమీనా రక్తం మళ్లీ తీశాను. మొదటిసారి వేరే బిడ్డ రక్తం పంపారేమోనని. యాకూబ్ పాపను తన ఒళ్లోనే కూర్చోబెట్టుకుని చెయ్యి చాపి పట్టాడు. సూది దిగగానే పాప గుక్క పట్టింది.

"మొన్నే తీశారు గదండీ. ఏవన్నా తేడా వచ్చిందా?"

"తేడా ఉందో లేదో చూడ్డానికే."

"మా పిల్లకు జబ్బేం లేదు గదా అమ్మా?"

"నీ పిల్లకు అన్నీ మంచిగనే ఉన్నయ్. గదే నా బాధ."

అతను నా మొహం వంక చూశాడు. మాట అర్థమయిందో లేదో తెలియదు. రెండో చెయ్యి కూడా చాపి, "చూసుకోండమ్మా, ఎన్నిసార్లయినా చూసుకోండి" అన్నాడు. నేను రెండో చెయ్యి ముట్టుకోలేదు. అంకె మళ్లీ అంతే వచ్చింది.

మాఘం, సోమవారం

కమిటీలో చెప్పేశాను. లింగమూర్తికి అనుమానాలు గిట్టవని రాశాను కదా. తన మనవడు కూడా పట్టనివాళ్లలో ఉన్నాడని తెలిశాక బాగానే గిట్టాయి.

"బండి తాళాలియ్యి" అన్నాడు.

యాకూబ్ నడుముకున్న తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు. "నేనేం చేశానో చెప్పండయ్యా. చెప్పి తీసుకోండి" అన్నాడు. ఒకావిడ వెనక నుంచి, "పసిపిల్లల నోట్లె మన్ను గొట్టినవ్" అంది. అతని భార్య హసీనా గుమ్మం బయట నిలబడి ఇదంతా వింది. పాపను గుండెకు అదుముకుని, నేను దాటి వెళుతుంటే మొహం తిప్పేసుకుంది.

చెప్పాలంటే ఈ రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టేలా ఉంది. దొంగ దొరికాడు కదా.

ఫాల్గుణం, బుధవారం

దొంగ దొరికాడు కానీ బండి నడిపేవాడు లేడు. పై తలుపు చైత్రంలో మూస్తారు. ఆ తర్వాత వానలదాకా దారి లేదు. ఆలోగా కొత్త టీకా రాకపోతే చిన్నోడికి మళ్లీ సూది పడే వీలుండదు. వాడితో పాటు మిగతావాళ్లకూ అంతే. లింగమూర్తి ఇంకెవరినో పంపిస్తానంటాడు. ఆ 'ఇంకెవరో' పేరు అడిగితే దగ్గుతాడు.

సరే, యాకూబ్ నేరానికి సాక్ష్యమన్నా గట్టిగా ఉండాలని టీకా గదికి వెళ్లాను. అక్కడ నర్సు సారక్కది రాజ్యం. నాకు బొడ్డు కోసింది కూడా ఆవిడే. చల్లటి అలమారలో ఒక పక్క కిందటి ట్రిప్పులో యాకూబ్ తెచ్చిన పెట్టె, ఇంకో పక్క పిల్లల డబ్బాలు. మా పద్ధతి ఇది. పుట్టిన రోజు సూది పెట్టెలోంచి వేస్తారు. మిగిలిన రెండు సూదుల సీసాలూ తల్లి పేరు రాసిన ఒక రేకు డబ్బాలో పెట్టి ఆ బిడ్డ కోసం విడిగా ఉంచుతారు.

పెట్టెలోంచి ఒక సీసా, రేపో మాపో మూడో సూది పడాల్సిన ఒక బిడ్డ డబ్బాలోంచి ఒక సీసా తీసుకున్నాను. రెండూ ఒకే ట్రిప్పులో వచ్చినవి. నీళ్లయితే రెండూ నీళ్లే అయి ఉండాలి. రెంటినీ బాగా ఊపి దీపం ముందు నిలబెట్టాను.

పెట్టె సీసా పల్చటి మజ్జిగలా ఒకే తీరుగా తెల్లగా ఉంది. ఎంతసేపు చూసినా అలాగే ఉంది. డబ్బా సీసాలో రేణువులు తేలాయి, విరిగిన పాలలా. చూస్తుండగానే అవి అడుగుకు దిగిపోయాయి. పైన తేరిన నీళ్లు మిగిలాయి.

నీళ్లు కలపలేదు. మార్చలేదు. యాకూబ్ తెచ్చినప్పుడు అది మంచి టీకానే. ఇక్కడికి వచ్చాకే, ఈ అలమారలోనే, చెడిపోయింది.

తాళం చెవులు సారక్క కొంగుకు వేలాడుతున్నాయి. నా చూపు అటు పోయింది.

"ఏందే పిల్లా, గట్ల జూస్తున్నవ్?" అంది ఆవిడ.

"ఏం లేదక్కా" అన్నాను. నన్ను ఈ లోకంలోకి తెచ్చిన మనిషిని అనుమానించడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు.

ఫాల్గుణం, శుక్రవారం

ఒంట్లో బాగా లేదని చెప్పి టీకా గది మూల బల్ల మీద పడుకున్నాను. సారక్క నా మీద దుప్పటి కప్పి, నుదురు ముట్టుకుని చూసి, గంజి కాచుకొస్తానని వెళ్లింది. వెళ్లేముందు అలమారకు తాళం వేయలేదు. ఆహా అనుకున్నాను.

కాసేపటికి తలుపు తోసుకుని ఒక ముసలావిడ వచ్చింది. నాగవ్వ, మొన్ననే ముని మనవరాలు పుట్టింది. చేతిలో గుడ్డలో చుట్టిన ఐసుగడ్డ. చలువ పెట్టడానికి వచ్చింది. బిడ్డ పుట్టినప్పుడు అయినవాళ్లంతా తమ ఐసు వాటా తెచ్చి ఆ బిడ్డ డబ్బా మీద పెట్టడం గనిలో అందరూ చేసేదే. టీకాకు చల్లదనం కావాలని పసిపిల్లలకు కూడా తెలుసు. ఎండలకు భయపడి భూమిలో దూరిన మనుషులం, మా దగ్గర ఐసును మించిన కానుక లేదు. నాగవ్వ అలమార తెరిచి, డబ్బాను గడ్డ మీద కూర్చోబెట్టి, ఇంకో ముక్క దాని పైన పెట్టి, రెండు చేతులా అదిమింది.

"సల్లగుండు బిడ్డా. నూరేండ్లు సల్లగుండు" అంది.

చెయ్యి తీయబోతే తోలు అంటుకుపోయింది. "అబ్బ, కొత్త మిషన్ది ఎంత సల్లగున్నదో" అని మురిసిపోతూ వేళ్లు ఊదుకుంటూ వెళ్లిపోయింది.

నేను దుప్పటి కింద అలాగే పడుకుని ఉన్నాను. పాత మిషన్ ఐసు ఎప్పుడూ కారుతూ ఉండేది. కారే ఐసు చల్లబరుస్తుంది కానీ గడ్డ కట్టించదు. ఇది కారదు.

లేచి, పెట్టెలోంచి ఒక మంచి సీసా తీశాను. నా సంచిలో ఆ రోజు వాటా ఐసు ఉంది. సీసాను దాని నడుమ పెట్టి గుడ్డ చుట్టాను. ఒక సీసా పాడు చేస్తున్నానని తెలుసు, ఒకటి పోతే పోయింది. సారక్క గంజి తెచ్చింది. తాగాను. గుడ్డ విప్పి చూస్తే సీసాలో టీకా గట్టిగా బిగుసుకుని ఉంది. అరచేతిలో కరిగించి ఊపి దీపం ముందు పెట్టాను.

రేణువులు. అడుగుకు దిగాయి. పైన తేట.

"సారక్కా, టీకా గడ్డకడితే సచ్చిపోతది" అన్నాను.

ఆవిడ సీసా వంక చూసింది, డబ్బాల వంక చూసింది. అక్కడే కింద కూలబడింది. "వద్దని ఎట్లంటనే? ప్రేమతోని తెస్తరు గదా" అంది. ఎవరూ అనలేరు. నేను కూడా ఆ రోజు ఎవరైనా వద్దంటే వాళ్ల మీద పడి కొట్లాడేదాన్ని.

ఎందుకంటే చిన్నోడి డబ్బా మీద అందరికంటే పెద్ద గడ్డ పెట్టింది నేనే. చెల్లెలికి వైరస్ ఉంది, వాడికి అందరికంటే ఎక్కువ కాపు కావాలని, నా వాటాలు తాకట్టు పెట్టి, ఇరుగుపొరుగు వాటాలు బతిమాలి తెచ్చి, డబ్బా కనబడకుండా కప్పాను. గని అంతా నా ప్రేమను మెచ్చుకుంది. గనిలో ప్రతి ఒక్కరినీ అనుమానించాను కానీ నా చేతి సంచిని అనుమానించలేదు.

షమీనా డబ్బా మీద ఎవరూ ఏమీ పెట్టలేదు. పెట్టేవాళ్లెవరున్నారు?

ఫాల్గుణం, ఆదివారం

కమిటీ ముందు రెండు సీసాలూ ఊపి చూపించాను. మూడోసారి ఊపాక లింగమూర్తి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తన మనవడి డబ్బా మీద ఎంత పెట్టాడో గుర్తొచ్చి ఉంటుంది. నిరుడు కొత్త ఐసు మిషన్‌ను పూలదండ వేసి తిప్పింది కూడా ఆయనే.

యాకూబ్‌ను పిలిపించారు. నేను నిలబడి, "తప్పు నాది. నువ్వు మంచి టీకానే తెచ్చినవ్. నిన్ను దొంగన్న. నీ బిడ్డను రెండోసారి గుచ్చిన" అన్నాను. ఏడవడం నాకు రాదు, వచ్చింది.

లింగమూర్తి తాళాలు బల్ల మీదుగా తోశాడు. "తలుపు మూసే లోపల పోయి రావాలె తమ్మీ. పిల్లల పానం నీ చేతుల ఉన్నది" అన్నాడు. మొన్నటిదాకా తమ్ముడు కాడు పాపం.

యాకూబ్ తాళాలు వెంటనే తీసుకోలేదు.

"వెళతానండీ. పిల్లలు ఎవరి పిల్లలైనా పిల్లలే. ఒక్క మాట మాత్రం చెప్పుకోవాలి. షమీనా పుట్టినప్పుడు మా ఆవిడ ఆ టీకా గది గుమ్మం దగ్గర పొద్దుగూకులూ కూర్చుందండీ. ఎవరో ఒకరు ఓ ముక్క తెస్తారని. మా వాటా మేవే పెట్టుకోకూడదంట గదా, అయినవాళ్లే పెట్టాలంట. నేను బండి మీదున్నాను. ఎవరూ రాలేదు. ఇప్పటికీ అది తల్చుకుని ఏడుస్తుంది." తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. "ఎవరూ రాకపోవడమే మన పిల్లకు మంచిదయిందని ఇప్పుడు ఆవిడకు ఎట్టా చెప్పమంటారు?"

ఆ గదిలో అంతమంది ఉన్నాం. షమీనా పుట్టిన రోజున మా అందరికీ ఐసు వాటా అందింది.

చైత్రం, మంగళవారం

తలుపు మూసే ముందురోజు బండి దిగింది. యాకూబ్ పెదవులు పగిలి, చేతులు కమిలి ఉన్నాయి. పెట్టె తెచ్చి నాకే ఇచ్చాడు. అతని ఎదురుగానే ఒక సీసా తీసి ఊపి చూశాను. అలవాటు. అతను నవ్వాడు, "చూసుకోండి, చూసుకోండి" అని.

పట్టని పిల్లలందరికీ సూదులు వేయించాం. చిన్నోడు సూది దిగినంతసేపూ సారక్క ముక్కుపుడక పట్టుకుని లాగాడు. రజిత మొహం అటు తిప్పుకుని నా భుజం గట్టిగా పట్టుకుంది.

టీకా గది గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చోవడం ఇప్పుడు నా పని. అలవాటు కొద్దీ జనం ఐసు పట్టుకుని వస్తూనే ఉన్నారు. నాగవ్వ రెండుసార్లు వచ్చింది.

"సల్లదనం పెట్టొద్దంటవ్, నీదేం మనసే?" అంది.

"పెట్టు అవ్వా. డబ్బా మీద గాదు, బిడ్డ అరిపాదాలకు రుద్దు."

గొణుక్కుంటూ వెళ్లింది. నా మీద గనిలో కొత్త అనుమానాలు మొదలైనట్టున్నాయి. బాగుంది.

వైశాఖం, గురువారం

చిన్నోడి అంకె అరవై రెండు.

మూడుసార్లు చూశాను, పరీక్ష మిషన్ మీద నమ్మకం లేక. అరవై రెండే. రజితకు చెప్పడానికి పై అంతస్తుకు పరుగెత్తాను. ఆ వేడికి గోడలు వాసన వస్తున్నాయి. రజిత నా మొహం చూడగానే అడగడం మానేసి, వాణ్ణి ఎత్తుకుని మెట్ల వైపు నడిచింది. దిగుతూ మధ్యలో ఆగి, "పేరు నువ్వే పెట్టక్కా" అంది. నాకు ఇంకా ఏ పేరూ నచ్చలేదు. ప్రతి పేరులోనూ ఏదో లోపం కనబడుతోంది.

సాయంత్రం నా ఐసు వాటా తీసుకుని యాకూబ్ వాళ్ల గదికి వెళ్లాను. అయినవాళ్లే తేవాలి కదా, నేనెవరని తెచ్చాను అని దారంతా అనుకుంటూనే ఉన్నాను. హసీనా తలుపు సగమే తీసింది. పాప ఆమె చంకలో ఉంది. సూది గుచ్చిన మనిషిని గుర్తుపట్టి మొహం దాచుకుంది.

"షమీనాకు చలువ తెచ్చిన" అన్నాను. "ఆలస్యమైంది."

హసీనా గుడ్డ విప్పి చూసింది. ఐసు వంకా నా వంకా మార్చి మార్చి చూసింది.

"టీకా మీద పెట్టకూడదన్నారు గదా?"

"టీకాకు గాదు. పిల్లకే. ఆడుకోనీ."

ఆమె ఒక చిన్న ముక్క విరిచింది. పాప చెయ్యి చాచింది. హసీనా ఇవ్వలేదు. ముందు ఆ ముక్కను తన నాలుక మీద పెట్టుకుని, నా కళ్లలోకి చూస్తూ, అది పూర్తిగా కరిగేదాకా అలాగే నిలబడింది. నేనూ కదల్లేదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ సరిగ్గా అదే చేసేదాన్ని.

ఆ తర్వాత ఇంకో ముక్క విరిచి పాప చేతిలో పెట్టింది.